ఫోర్‌హ్యాండ్ గ్రిప్ కథ: కోర్టు మారింది, పట్టు మారింది

వీకెండ్‌లో టెన్నిస్ ఆడేవాళ్లకి ఎప్పుడూ ఉండే డౌట్ ఒకటుంది. ఫోర్‌హ్యాండ్‌కి రాకెట్ ఎలా పట్టుకోవాలి? చాలామంది నడాల్ వీడియో చూసి అలాగే పట్టేస్తారు. దానికన్నా ముందు ఈ గ్రిప్‌ల చరిత్ర తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

ముందు బేసిక్స్. రాకెట్ పిడికి ఎనిమిది పలకలు ఉంటాయి. రాకెట్ అంచు నేలవైపు ఉండేలా పట్టుకుంటే పైన కనిపించేది ఒకటో పలక. కుడిచేతి వాటం వాళ్లు అక్కణ్ణుంచి కుడివైపుకి లెక్కపెట్టాలి. చూపుడువేలు మొదట్లో ఉండే కణుపు రెండో పలక మీద ఉంటే కాంటినెంటల్, మూడైతే ఈస్టర్న్, నాలుగైతే సెమీ వెస్టర్న్, ఐదైతే వెస్టర్న్.

చూశారా, అన్నీ ప్రాంతాల పేర్లే! కాంటినెంటల్ అంటే యూరప్ ఖండం. ఈస్టర్న్ అంటే అమెరికా తూర్పు తీరం, అక్కడ గడ్డి కోర్టులు. వెస్టర్న్ అంటే కాలిఫోర్నియా, అక్కడ సిమెంట్ కోర్టులు. గడ్డి మీద బంతి కిందకే ఉండిపోతుంది, సిమెంట్ మీద భుజం దాకా లేస్తుంది. అంటే పట్టు నేర్పింది కోచ్ కన్నా ముందు నేల అన్నమాట.

ఫ్రెడ్ పెర్రీ 1934, 35, 36లో వరసగా వింబుల్డన్ గెలిచింది కాంటినెంటల్‌తోనే. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన బిల్ జాన్‌స్టన్ మాత్రం వెస్టర్న్ గ్రిప్‌తో 1923లో అదే గడ్డి మీద గెలిచాడు. కాబట్టి ఇదేం రాతిమీద గీత కాదు. కాకపోతే అందరూ జాన్‌స్టన్‌లు కాలేరు కదా!

1974 దాకా నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు గడ్డి మీదే జరిగేవి. యూఎస్ ఓపెన్ 1975లో క్లేకి, 1978లో హార్డ్ కోర్టుకి మారింది. ఆస్ట్రేలియన్ ఓపెన్ 1988లో హార్డ్ కోర్టుకి వెళ్లింది. ఈలోగా చెక్క రాకెట్లు పోయి గ్రాఫైట్ వచ్చింది. బంతి పైకి లేస్తోంది, టాప్‌స్పిన్ పెరిగింది, చెయ్యి కూడా మెల్లగా వెస్టర్న్ వైపు తిరిగింది.

మరి మన సంగతి? కొత్తగా ఆడేవాళ్లు ఈస్టర్న్‌తో మొదలుపెట్టండి. నడుము ఎత్తు బంతికి అది హాయిగా ఉంటుంది. బంతి తరచూ ఛాతీ దాటి వస్తోందా? అప్పుడు సెమీ వెస్టర్న్‌కి జరగండి. ఫుల్ వెస్టర్న్‌తో కింద బంతులు తీయడం కష్టం, మణికట్టు మీద భారం కూడా పడుతుంది. ఇక వాలీలకి కాంటినెంటల్ ఎలాగూ కావాలి.

ఈ వారం ఆడేటప్పుడు స్టార్‌ని పక్కన పెట్టి, మీ కోర్టులో బంతి ఎంత ఎత్తు లేస్తోందో గమనించండి. కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!