హాలోవీన్ సంగీతం

ఏటా అక్టోబరు 31న అమెరికా, కెనడా, ఐర్లండ్, బ్రిటన్ తదితర దేశాల్లో జరుపుకునే హాలోవీన్‌కు వినే పాటలు, వాద్య రచనలు, సినిమా నేపథ్య సంగీతం, వింత శబ్దాల రికార్డులు అన్నీ కలిపి హాలోవీన్ సంగీతం. క్రిస్మస్‌కు ఉన్నంత పెద్ద కీర్తనల నిధి ఈ పండుగకు లేదు. ఇక్కడ ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఎరువు సొత్తే. చర్చి ఆర్గన్ దగ్గర కొంత, కచేరీల దగ్గర కొంత, సినిమాల దగ్గర మిగతాది తెచ్చుకున్నారు. అందులోనూ జనం ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పెట్టుకునే పాటల్లో వణికించేవాటి కంటే నవ్వించేవే ఎక్కువ.

పాడుబడ్డ కోట అనగానే వినిపించే ఆర్గన్ మోత, బాఖ్ పేరు మీద చలామణీ అవుతున్న 'డి మైనర్ టొకాటా అండ్ ఫ్యూగ్'. అది నిజంగా బాఖ్ రాసిందేనా అని కొందరు పండితులకు అనుమానం. దయ్యాలతో మాత్రం దానికి ఏ సంబంధమూ లేదు. 1931లో 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' సినిమా పేర్లు పడేటప్పుడు వాడారు. ఆ తర్వాత మరికొన్ని భయానక చిత్రాలూ అదే బాట పట్టడంతో ఆ ముద్ర స్థిరపడిపోయింది.

ఫ్రెంచి స్వరకర్త కామీ సాఁ-సాఁస్ 1874లో రాసిన 'డాన్స్ మకాబ్ర్' సంగతి వేరు. ఇది మృత్యువు ఫిడేలు వాయిస్తుంటే సమాధుల్లోంచి అస్థిపంజరాలు లేచి ఆడే కథ. మొదట హార్ప్ ఒకే స్వరాన్ని పన్నెండుసార్లు మీటుతుంది, అంటే అర్ధరాత్రి అయింది. వెంటనే ఒంటరి వయొలిన్ అందుకుంటుంది. దాని పై తీగను మామూలు శ్రుతి కంటే అర స్వరం దించి కట్టమని స్వరకర్త సూచన. అందువల్ల పై రెండు తీగలూ కలిపి లాగితే పంచమానికి బదులు, షడ్జమం మీద ప్రతి మధ్యమం పలికినంత ఎడం వస్తుంది. యూరప్ సంగీతంలో దుష్టశక్తుల్ని సూచించడానికి తరచూ వాడే ఎడం అదే. కల్యాణి రాగం వింటూ పెరిగిన చెవికి ఇది విడ్డూరమే. అవే రెండు స్వరాలు మనకు పెళ్లిపందిట్లోనూ వినిపిస్తాయి. ఎముకల చప్పుడుకు జైలోఫోన్, చివర కోడి కూతకు ఓబో. ఎముకల పాటను ఆయన 1886లో 'జంతువుల కార్నివాల్'లో శిలాజాల ఘట్టానికి మళ్లీ వాడుకుని, తన మీద తానే జోకు వేసుకున్నాడు.

పాప్ పాటల్లో పెద్దపీట 'మాన్‌స్టర్ మాష్'ది. బాబీ పికెట్ అనే గాయకుడు భయానక చిత్రాల నటుడు బోరిస్ కార్లాఫ్ గొంతును అనుకరిస్తూ పాడిన ఈ పాట 1962 అక్టోబరులో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. శవపేటిక తెరుచుకునే కిర్రు కోసం చెక్కలోంచి తుప్పు పట్టిన మేకును ఊడబీకారు. మరిగే కాగు చప్పుడు కోసం నీళ్లలో స్ట్రా పెట్టి ఊదారు. ఇంత అమాయకమైన తమాషాను కూడా బీబీసీ అప్పట్లో మరీ శ్మశాన సరుకని నిషేధించింది. 1973లో అదే పాట బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లింది.

నిజంగా వణికించే పని సినిమా చేసింది. 'సైకో' (1960) స్నానాల గది హత్యకు సంగీతమే వద్దనుకున్నాడు దర్శకుడు హిచ్‌కాక్. స్వరకర్త బెర్నార్డ్ హెర్మన్ తీగ వాద్యాలతో మాత్రమే ఆ కీచు స్వరాలు రాసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. 'ఎక్సార్సిస్ట్' (1973) వాడుకున్నది మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 'ట్యూబులర్ బెల్స్' ఆరంభాన్ని. దయ్యం ఊసే లేకుండా ఒక కుర్రాడు రికార్డు చేసిన ఆల్బం అది.

పండుగ పేరే పెట్టుకున్న 'హాలోవీన్' (1978)కి దర్శకుడు జాన్ కార్పెంటరే సంగీతం కట్టాడు, అదీ మూడు రోజుల్లో. సంగీతం లేని ప్రతి చూసిన ఒక స్టూడియో ప్రతినిధికి భయమే వేయలేదట. ప్రధాన బాణీ ఐదు లెక్కల తాళంలో నడుస్తుంది. సంగీత ఆచార్యుడైన తండ్రి చిన్నప్పుడు బాంగోల మీద నేర్పిన లెక్క అది. మనకు ఖండ చాపులో ఐదు మామూలే. నాలుగుకు అలవాటు పడ్డ శ్రోతకు మాత్రం ప్రతి ఆవృతమూ ఎక్కడో కాలు తడబడినట్టుంటుంది. పియానో మీద మొండిగా తిరిగే ఆ కాసిని స్వరాల్లో ఉన్న దడ, పెద్ద ఆర్కెస్ట్రాల హోరులో చాలాసార్లు దొరకదు.

మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' రాసింది రాడ్ టెంపర్టన్. చివరి మాటలు, ఆ వికటాట్టహాసం నటుడు విన్సెంట్ ప్రైస్‌వి. జాన్ లాండిస్ తీసిన దాదాపు 14 నిమిషాల వీడియో 1983 డిసెంబరు 2న, అంటే హాలోవీన్ దాటిన నెలకు విడుదలైనా, పండుగ దాన్ని సొంతం చేసేసుకుంది. తెలుగులో దీని నీడ త్వరగానే పడింది. 1985 నాటి 'దొంగ'లో చక్రవర్తి సంగీతంలో చిరంజీవి శవాల గుంపుతో ఆడిన 'గోలీమార్' పాట, ఇంటర్నెట్ వచ్చాక 'ఇండియన్ థ్రిల్లర్' పేరుతో తెలుగు రాని దేశాలకూ పాకింది.

పిల్లల కోసం 1964లో డిస్నీల్యాండ్ రికార్డ్స్ కేకలు, గొలుసులు, పిల్లుల అరుపులతో ఒక ఎల్పీ తెచ్చింది. ఆండ్రూ గోల్డ్ 1996లో పిల్లల ఆల్బంలో పాడిన 'స్పూకీ స్కేరీ స్కెలిటన్స్'ది విచిత్రమైన జాతకం. ఎవరో అభిమాని దాన్ని 1929 నాటి డిస్నీ కార్టూన్ 'స్కెలిటన్ డాన్స్'కు అతికించి నెట్‌లో పెట్టడంతో ఆ పాట కొత్త తరానికి చేరింది. తర్వాత దాని రీమిక్స్‌కు టిక్‌టాక్‌లో కుర్రకారు స్టెప్పులేశారు.