శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం - భూవిజ్ఞానం

శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని శేషాచలం కొండలలో, పూర్వపు చిత్తూరు, కడప జిల్లాల సరిహద్దు ప్రాంతంలో ఉన్నది. 1989లో ఏర్పడిన ఈ ఉద్యానవనం వైశాల్యం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో ప్రకటించబడిన శేషాచలం జీవావరణ రిజర్వులో ఇది ఒక భాగం. నిట్టనిలువు కొండచరియలు, లోతైన కోనలు, జలపాతాలు ఈ ప్రాంతపు ప్రత్యేకతలు. ఇవన్నీ రెండు భిన్న యుగాలకు చెందిన శిలలు ఒకదానిపై ఒకటి నిలిచినందువల్ల ఏర్పడినవి. ఆ రెండు శిలల కలయికను ఉద్యానవనాన్ని ఆనుకొని ఉన్న తిరుమల కొండవాలులో స్పష్టంగా చూడవచ్చును.

శిలలు

కొండల అడుగున ఉన్నవి ఆర్కియన్ యుగానికి చెందిన గ్రానైట్, నైస్ శిలలు. భూగర్భంలో చాలా లోతున, అధిక ఉష్ణోగ్రత వద్ద ఏర్పడిన శిలలివి. వీటి పగుళ్ళలోనికి తరువాతి కాలంలో శిలాద్రవం చొచ్చుకొనివచ్చి గట్టిపడింది. అలా నిలువు గోడల వలె ఏర్పడిన నల్లని డోలరైట్ శిలలను డైకులు అంటారు.

పైభాగాన ఉన్నది నగరి క్వార్ట్జైట్. ఇది నెలవంక ఆకారంలో ఉండే కడప బేసిన్‌కు చెందిన శిల. ఈ బేసిన్ శిలలను గురించి విలియం కింగ్ వ్రాసిన సమగ్ర నివేదికను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1872లో ప్రచురించింది. లోతు తక్కువైన నీటిలో పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక మొదట ఇసుకరాయిగా మారింది. ఆ తరువాత ఇసుక రేణువుల మధ్య సందులలో సిలికా నిండి, అది మిక్కిలి కఠినమైన క్వార్ట్జైట్ అయినది. నాటి నీటి అలలు ఇసుకపై వేసిన ముడతలు నేటికీ కొన్ని పలకలపై కనిపిస్తాయి. క్వార్ట్జైట్ పొరల నడుమ అక్కడక్కడ మెత్తని షేల్ పొరలు కూడా ఉన్నాయి. ఈ ఇసుక పేరుకునే కాలానికి భూమిపై చెట్లు గాని, జంతువులు గాని పుట్టలేదు.

ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ

గ్రానైట్, క్వార్ట్జైట్ శిలలు కలిసే తలాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. అన్‌కన్ఫార్మిటీ అనగా శిలల వరుసక్రమంలో వచ్చిన విరామం. ఎపార్కియన్ అనగా ఆర్కియన్ శిలలపై ఉన్నది అని అర్థం. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది.

సంస్థ ఇచ్చిన వివరాల ప్రకారం కింది గ్రానైట్, డోలరైట్ శిలలు 210 కోట్ల సంవత్సరాలకన్నా పాతవి. పైనున్న క్వార్ట్జైట్ వయస్సు సుమారు 160 కోట్ల సంవత్సరాలు. అనగా ఈ రెండింటి మధ్య 50 కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలానికి ఇక్కడ శిలారూపంలో ఆధారం లేదు. కొన్ని గ్రంథాలలో ఈ విరామాన్ని 80 కోట్ల సంవత్సరాలుగా కూడా పేర్కొన్నారు.

ఆ కాలమంతా ఈ ప్రాంతం ఖాళీగా ఉన్నదని భావించరాదు. భూగర్భంలో పుట్టిన గ్రానైట్ ఉపరితలానికి రావాలంటే, దానిపై ఉన్న కిలోమీటర్ల మందపు శిలలు అరిగిపోవాలి. ఆ క్షయం జరిగిన కాలమే ఈ విరామం. పెకలిన రాళ్ళు నీటిలో దొర్లి గులకరాళ్ళయి, కొత్త పొరల అడుగున చేరాయి. డైకులు ఈ తలం వద్దనే ఆగిపోయి క్వార్ట్జైట్‌లోనికి ప్రవేశించకపోవడం, అవి క్వార్ట్జైట్ కన్నా ముందటివని తెలుపుతుంది.

1788లో జేమ్స్ హటన్ స్కాట్లాండులోని సికార్ పాయింట్ వద్ద ఇటువంటి శిలాసంధినే చూసి, భూమి వయస్సు అప్పటివరకు అనుకున్నదానికన్నా ఎన్నోరెట్లు ఎక్కువని నిర్ధారణకు వచ్చాడు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ జాతీయ ఉద్యానవనంలో కూడా ఇటువంటి విరామం ఉన్నది.

కొండచరియలు, కోనలు, జలపాతాలు

క్వార్ట్జైట్ రసాయనికంగా తేలికగా కరగదు. కాని దానిలో నిలువు పగుళ్ళు అనేకం. కింది మెత్తని పొరలు అరిగినపుడు ఆధారం కోల్పోయిన క్వార్ట్జైట్ ఈ పగుళ్ళ వెంట దిమ్మెలుగా విడిపోతుంది. అందువల్ల కొండ అంచు ఏటవాలుగా కాక గోడవలె నిలుస్తుంది. వాగులు పగుళ్ళ వెంట కోసుకొనిపోగా ఇరుకైన కోనలు ఏర్పడినాయి. సుమారు 82 మీటర్ల ఎత్తునుండి దూకే తలకోన జలపాతం ఇటువంటి చరియపై నుండే పడుతుంది. పగుళ్ళలో ఇంకిన వాననీరు, నీటిని సులభంగా పోనివ్వని పొర తగిలినచోట ఊటగా వెలువడుతుంది.

ఎర్రచందనం ఈ పొడి రాతినేలలలో చక్కగా పెరుగుతుంది. రాతి చీలికలలో బంగారు బల్లి నివసిస్తుంది.

శిలాతోరణం

తిరుమల ఆలయానికి ఉత్తరాన, చక్రతీర్థం సమీపంలో ఉన్న సహజ శిలాతోరణం కూడా జాతీయ భూవైజ్ఞానిక స్మారకమే. దీని వెడల్పు సుమారు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. మెత్తని పొరలు గాలివానలకు అరిగిపోగా, కఠినమైన పొరలు వంతెనవలె మిగిలినాయి.

దీనిని గురించి రెండు పొరపాటు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి, తోరణం వయస్సు వందల కోట్ల సంవత్సరాలు అన్నది. ఆ వయస్సు శిలది. తోరణపు ఆకారం శిల పైకి వచ్చి అరిగిన తరువాత ఏర్పడినది గనుక చాలా చిన్నది. రెండవది, ప్రపంచంలో ఇటువంటి సహజ తోరణాలు మూడు మాత్రమే ఉన్నాయన్నది. అమెరికాలోని ఆర్చెస్ జాతీయ ఉద్యానవనం ఒక్కదానిలోనే రెండువేలకు పైగా తోరణాలున్నాయి. అయితే అవి ఇసుకరాతిలో ఏర్పడినవి. కఠినమైన క్వార్ట్జైట్‌లో తోరణం ఏర్పడటం అరుదు. తిరుమల తోరణపు విశిష్టత అదే.

పరిరక్షణ

చరియలను సృష్టించిన ప్రక్రియ నేటికీ ఆగలేదు. 2021 డిసెంబరు 1న, భారీ వర్షాల తరువాత, తిరుమల ఘాట్ రోడ్డుపై పెద్ద బండరాళ్ళు విరిగిపడి రహదారి దెబ్బతిన్నది. పగుళ్ళలో చేరిన నీరు దిమ్మెలను వదులు చేయడం ఇటువంటి ప్రమాదాలకు ముఖ్యకారణం.

ప్రయాణికుల రక్షణకు చరియలపై వలలు బిగించడం, సిమెంటు పూత వేయడం అవసరమే. కాని అన్‌కన్ఫార్మిటీ బయటపడినచోట అటువంటి పూత వేస్తే ఆ సంధి కనుమరుగవుతుంది. నరికిన చెట్టు స్థానంలో మరొకటి పెంచవచ్చును గాని, శిలాసంధిని మరల నిర్మించడం సాధ్యం కాదు. భూవైజ్ఞానిక వారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర ప్రభుత్వం 2022లో ఒక ముసాయిదా బిల్లును వెలువరించింది. సందర్శకులు రాళ్ళను పగులగొట్టకుండా, వాటిపై పేర్లు చెక్కకుండా ఉండటం ఈ స్మారకాల రక్షణకు తోడ్పడుతుంది.