పన్నెండంగుళముల రికార్డులు

గ్రామఫోను ఉన్న ఇంట పెరిగినవారికి పాటకు ముందు వినవచ్చు సూది రొద గుర్తుండక మానదు. పళ్లెము తిరుగ నారంభించును. సూది గాడిలోనికి దిగును. చిటపటమని కొంత సవ్వడి. పిమ్మట గాయకుని గొంతు. ఆ సవ్వడి పాటలోనిది కాదని మనకెవ్వరును చెప్పనక్కరలేదు. రెంటిని వేరుపరచుకొను నేర్పు చెవికి సహజముగనే కలదు. కాని ఆ పాటనే సంఖ్యలుగా మార్చి, యంత్రముచేత శుభ్రము చేయింపవలసి వచ్చినపుడు ఈ పని అంత సులభము కాదు. ఏది పాట, ఏది మచ్చ అను ప్రశ్న అపుడు పుట్టును. మేమిచట చెప్పదలచినది ఆ ప్రశ్నను గూర్చియే. దానికి ఉదాహరణముగా 1970, 80 దశాబ్దములలో ఇంగ్లండు, అమెరికా దేశములందు వెలువడిన న్యూవేవ్ నాట్యగీతముల రికార్డులను తీసికొనుచున్నాము. యంత్రముల చప్పుళ్లనే సంగీతముగా మలచిన పాటలగుటచే వానిలో ఈ చిక్కు మరింత హెచ్చు.

ముందుగా ఆ రికార్డుల పుట్టుక తెలియవలెను. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు పన్నెండంగుళముల లాంగ్‌ప్లే రికార్డును వెలువరించెను. మరుసటి యేట ఆర్.సి.ఎ. విక్టర్ సంస్థ 45 చుట్లు తిరుగు ఏడంగుళముల చిన్న రికార్డును తెచ్చెను. పెద్దది పాటల సంపుటమునకు, చిన్నది ఒక్కొక్క పాటకు అని వాడుక ఏర్పడెను. ఈ చిన్నదానినే సింగిల్ అనిరి. ఒక్కొక్క పక్కన మూడు నాలుగు నిమిషముల పాట అందు హాయిగా పట్టును. రేడియోకు అది చాలును. నాట్యశాలకు మాత్రము చాలదు. నర్తించువారి కాలు కుదురుకొనుసరికి పాట ముగియుచుండెను.

న్యూయార్కులో టామ్ మౌల్టన్ అనునతడు పాటలను నాట్యమునకు అనువుగా పొడిగించి కూర్చుచుండెను. 1970 దశాబ్దపు నడిమి కాలమున అతడొకనాడు నమూనా రికార్డు కోయించుటకు పోగా, ఇంజనీరు జోసే రోడ్రిగ్జ్ వద్ద ఏడంగుళముల ఖాళీ పళ్లెములు అయిపోయినవి. పదియంగుళములవి మాత్రమే మిగిలినవి. అంత పళ్లెము మీద చిన్న పాట అంచున ఇరుకుగా చేరినచో చూచుటకు వింతగా నుండునని, గాడులను ఎడముగా కోసి, ధ్వనిని హెచ్చించిరి. విని చూడగా ఆ పాటకు ఎన్నడులేని నిండుతనము వచ్చినది. అటుపిమ్మట పన్నెండంగుళముల పళ్లెమునకే పోయిరి. 1976లో సాల్‌సోల్ సంస్థ, డబుల్ ఎక్స్‌పోజర్ బృందమువారి 'టెన్ పర్సెంట్' అను పాటను, వాల్టర్ గిబ్బన్స్ తొమ్మిది నిమిషములకు పైగా సాగదీసిన కూర్పుతో, పన్నెండంగుళముల సింగిల్‌గా అంగడికి పంపెను. సామాన్యులు కొనుటకు దొరకిన ఇట్టి రికార్డులలో అదియే మొదటిదని చెప్పుదురు. అనగా ఒక కొరతవలన కలిగిన ఉపాయమే ఒక కొత్త రికార్డుకు కారణమాయెను.

ఆ నిండుతనమునకు కారణము గాడిలోనే యున్నది. ధ్వని గాడి గోడలలో వంకరలుగా నిలిచియుండును. మంద్రస్వరమునకు వంకర వెడల్పు. ధ్వని హెచ్చినకొలది మరింత వెడల్పు. చోటు చాలనిచో పక్క గాడిని తాకును. వేగమును లెక్కకు వచ్చును. 45 చుట్ల వేగమున పన్నెండంగుళముల రికార్డు వెలి అంచున, సెకండుకు సుమారు 69 సెంటీమీటర్ల గాడి సూది క్రింద సాగిపోవును. అదే వేగమున ఏడంగుళముల రికార్డు అంచున సాగునది సుమారు 40 సెంటీమీటర్లే. సెకండు పాటకు ఎక్కువ గాడి దొరకుటచే సన్నని తారస్వరములు సైతము స్పష్టముగ నిలుచును. మద్దెల దెబ్బయు తాళపు మెరుపును ఒకేసారి కావలసిన నాట్యగీతమునకు ఇంతకన్న అనువైన పళ్లెము లేకపోయెను.

1976, 77 సంవత్సరములలో ఇంగ్లండున పంక్ అను దుందుడుకు సంగీతము చెలరేగెను. దాని వెనువెంట వచ్చినది న్యూవేవ్. ఈ యువకులలో పెక్కురు గిటారుతో తృప్తిపడక, సింథసైజరులను, డ్రమ్ము యంత్రములను చేపట్టిరి. న్యూయార్కులోని బ్లాండీ బృందము 'హార్ట్ ఆఫ్ గ్లాస్' పాటలో మైక్ చాప్‌మన్ నిర్వహణమున రోలండ్ యంత్రపు తాళమును జొనిపెను. ఆ పాట 1979లో సముద్రమునకు రెండు దరులను మారుమ్రోగెను. 1981లో లీడ్స్ నగరమునుండి వచ్చిన సాఫ్ట్ సెల్ ద్వయము 'టెయింటెడ్ లవ్' అను పాత పాటను కొత్త వాద్యములతో పాడి, పన్నెండంగుళముల కూర్పులో దానికి మరియొక పాత పాటను అతికి, దాదాపు తొమ్మిది నిమిషములు నడిపిరి. 1983 మార్చిలో మాంచెస్టరు నగరపు న్యూ ఆర్డర్ బృందము 'బ్లూ మండే'ను ఫాక్టరీ సంస్థ ద్వారా పన్నెండంగుళముల పళ్లెముగనే తెచ్చెను. ఏడున్నర నిమిషముల ఈ పాట బ్రిటనులో ఆ పరిమాణపు సింగిల్స్ అన్నిటిలోను అత్యధికముగ అమ్ముడైనదని ప్రసిద్ధి. పీటర్ సావిల్ రూపొందించిన దాని అట్ట కంప్యూటరు ఫ్లాపీ డిస్కును పోలియుండును. ముఖపత్రమున పాట పేరులేదు, బృందము పేరులేదు; రంగుల గడులే అక్షరములు.

ఇంత ప్రసిద్ధములైన పాటలకు మూల టేపులుండవా, అరిగిన రికార్డులనుండి వానిని ఉద్ధరింప నేల యని పాఠకులు అడుగవచ్చును. మూల టేపు ఉండి, అది బాగుగ పలికినచో దానిని మించినది లేదు. కాని 1970, 80 దశాబ్దములలో తయారైన కొన్ని టేపులలో అయస్కాంతపు పొడిని అంటించి యుంచు జిగురు గాలిలోని తేమను పీల్చి చెడిపోయినది. అట్టి టేపును నడిపినచో యంత్రమునకు బంకవలె అంటుకొనును. సుమారు 54 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో గంటలకొలది ఉంచినపిదప కొంతకాలము పలుకును. ఆలోగా నకలు తీసికొనవలెను. ఇక ప్రమాదములు వేరు. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియో ఆవరణమున లేచిన మంటలలో ఎన్నో మూల టేపులు కాలిపోయెనని 2019లో పత్రికలలో వచ్చినది; వాని సంఖ్యను గూర్చి వివాదము చెలరేగినది. సంస్థలును శాశ్వతములు కావు. బ్లూ మండేను అచ్చొత్తిన ఫాక్టరీ సంస్థయే 1992లో దివాలా తీసినది. పేరుపడిన పాటలను ఎవరో ఒకరు కాపాడుదురు. చిన్న సంస్థలు కొలది ప్రతులు మాత్రమే తీసిన పాటలకు, పన్నెండంగుళముల పళ్లెముకొరకే చేసిన ప్రత్యేకపు కూర్పులకు, ఎవరి అల్మరాలోనో నిలిచిన వినైల్ ప్రతియే ఒక్కొక్కచో మిగిలిన సాక్ష్యము. నకలు మూలమై కూర్చున్న విచిత్రమిది.

ఉద్ధరించు విధానము ఇట్టిది. మొదట రికార్డును శుద్ధజలముతోను, కొలదిపాటి శుభ్రపరచు ద్రవముతోను కడిగి, గాడులలోని మురికిని నీటితోకూడ యంత్రముచేత పీల్చివేయుదురు. సగము చిటపట ఇచ్చటనే పోవును. పిమ్మట సూదిని ఎంచుకొందురు. పాత సూది గాడి గోడను ఒక ఎత్తున అరగదీసియున్నచో, వేరు ఆకారపు సూది అరగని మరియొక ఎత్తున ఆని, చెడని ధ్వనిని పలికింపగలదు. రికార్డు కోయునపుడు చోటు కలిసివచ్చుటకు మంద్రమును తగ్గించి, రొద అణగుటకు తారమును హెచ్చింతురు. 1954లో అమెరికా రికార్డు సంస్థల సంఘము నిర్ణయించిన ఈ కొలతను వినునపుడు తలక్రిందులు చేయవలెను. రెండు కొసలను ఈ తేడా సుమారు 20 డెసిబెల్స్. ఇట్లు వచ్చిన ధ్వనిని సంఖ్యలుగా మార్తురు. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు సెకండుకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో ఒకదానిపై నిలుపును. ధ్వని భాండారములలో 96,000 మారులు కొలుచుట వాడుక, మెట్లు 1,67,77,216. ఇట్లు వచ్చిన మొదటి నకలును ఏమాత్రము దిద్దక భద్రపరతురు. దిద్దుబాట్లన్నియు దాని ప్రతిమీదనే.

అసలు చిక్కు దిద్దుబాటులో నున్నది. గీత పడినచోట ధ్వని ఒక్కసారి ఎగసి అణగును. కంప్యూటరు ఆ ఎగుడును పసిగట్టి తొలగించి, ముందు వెనుకల నడకను బట్టి నడుమ ఏమి యుండవలెనో లెక్కగట్టి పూరించును. వేణువుకో, గాత్రమునకో ఈ ఉపాయము చక్కగ పనిచేయును. కాని డ్రమ్ము యంత్రపు చప్పట్లు, తాళపు మొనలు కూడ అట్లే ఒక్కసారి ఎగసి అణగునవే. ఒకసారి మేము అట్టి పాటనొకదానిని తీసికొని, చిటపటలు తొలగించు సాఫ్ట్‌వేరుకు పూర్తి స్వేచ్ఛ నిచ్చితిమి. వచ్చిన పాట నిర్మలముగనే యుండెను. ఏలనో నిర్జీవముగ కూడ నుండెను. తొలగించిన దానిని విడిగా వినిపించు సౌకర్యము ఆ సాఫ్ట్‌వేరులో కలదు. విని చూచితిమి. పారవేసిన చెత్తలో తాళము చక్కగ మ్రోగుచుండెను! మేము దుమ్ముతోపాటు వాద్యగానినికూడ ఊడ్చివేసితిమి. తొలగించిన దానిలో తాళము వినబడినచో హద్దు మీరినట్లే యను సూత్రమును ఆనాడు నేర్చుకొంటిమి. గీతలను ఒక్కొక్కటిగ చూచి చేతితో దిద్దుటకు గంటలు పట్టును. అయినను అదియే మేలు.

ఇంతకన్న సూక్ష్మమైన సంగతి యొకటి కలదు. బ్లూ మండేలో సింథసైజరు పలుకు స్వరమాల తాళముతో సరిగా కలియక రవంత జరిగియుండును. సీక్వెన్సరు యంత్రమునకు స్వరములు ఎక్కించునపుడు పొరపాటున ఒక స్వరమును విడిచితినని ఆ బృందములోని జిల్లియన్ గిల్బర్ట్ తరువాతి కాలమున చెప్పినది. ఆ తప్పు అట్లే రికార్డుకెక్కినది. లక్షలమంది దానికే నర్తించిరి. నేటి పరికరములతో దానిని సరిచేయుట క్షణములో పని. సరిచేసినచో మిగులునది వేరొక పాట. సూది పెట్టిన మచ్చ వేరు, కర్త పెట్టిన మచ్చ వేరు. మొదటిది తీయవలెను, రెండవదానిపై చేయి వేయరాదు. రెంటికిని భేదము యంత్రమునకు తెలియదు, చరిత్ర తెలిసిన చెవికే తెలియును.

కావుననే పాటతోపాటు దాని ఆనవాళ్లనుకూడ భద్రపరతురు. అట్టను, లేబులును, గాడులు ముగిసినచోట గీసిన అంకెలను ఫోటో తీసి ఉంచుదురు. ఒకే పాటకు పలు కూర్పులున్నపుడు, చేత నున్నది ఏ కూర్పో, ఏ అచ్చుదో తేల్చుటకు తరచుగా ఆ అంకెలే ఆధారము. జార్జి పెక్‌హామ్ అను బ్రిటిష్ ఇంజనీరు తాను కోసిన పళ్లెములపై 'పోర్కీ' అని తన ముద్దుపేరు గీసెడివాడు. శిలాశాసనము చివర చెక్కినవాని పేరు వంటిదది.

మన ఇండ్లలో అటకమీద నున్న పాత రికార్డుల విషయమునను ఈ బుద్ధి అక్కరకు వచ్చును. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డులు చాలవరకు లక్కతో చేసినవి. వానిని ఆల్కహాలుతో తుడువరాదు, లక్క కరగిపోవును. రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్పక, నిలువుగ, వేడి తగులనిచోట ఉంచవలెను. నకలు తీయించినచో దిద్దని నకలును మొదట అడిగి తీసికొనవలెను. నేటి దిద్దుబాటు నచ్చనివారు రేపు మరల దిద్దుకొనగలరు. మూలమునే దిద్ది పారవేసినచో రేపటివారికి ఆ అవకాశము మిగులదు. కొంచెము చిటపట మిగిలినను నష్టము లేదు. దానిని పాటనుండి వేరుచేసి విను నేర్పు మన చెవులకు ముందే కలదు.