అడవిలో కొలతపెట్టె

ఊళ్లు తిరుగు ఉద్యోగి నిలిచిన చోటును నేడు జేబులోని సెల్‌ఫోను ఉపగ్రహముల సాయముతో క్షణములో చెప్పును. రెండు వందల యేండ్ల క్రిందట అతనికి ఏ సాధనముండెను?

1819లో ఈస్టిండియా కంపెనీ అధికారి జార్జి ఎవరెస్టు, తన పై అధికారి విలియం లాంబ్టన్ పంపగా, కృష్ణా గోదావరీ నదుల నడిమి ప్రాంతమును కొలువ వచ్చెను. ఖమ్మము నుండి భద్రాచలము ఎదుటి గోదావరి ఒడ్డు దాక గల అడవులు ఈ నడిమి నేలలోనివే. హిమాలయ శిఖరమునకు తరువాత పెట్టినది ఈయన పేరే.

ఆయన ముఖ్య సాధనము థియోడొలైటు. అంశలు గీసిన పళ్లెముపై తిరుగు దుర్భిణి యది. త్రిభుజములో ఒక భుజము, రెండు కోణములు తెలిసినచో తక్కిన భుజములు లెక్కకు వచ్చును. కనుక నేలనంతయు గొలుసుతో కొలువ నక్కరలేదు. కొండమీదినుండి కొండను చూచిన చాలును.

కాని కోణమును పట్టిన సాధనము జ్వరమును పట్టలేదు. వానకాలపు అడవిజ్వరము ఎవరెస్టును, పరివారమును పడవేసెను. కోలుకొనుటకై ఆయన 1820లో దక్షిణాఫ్రికా కేపునకు వెళ్లవలసి వచ్చెను.

అట్టి జ్వరములలో ముఖ్యమైన మలేరియా గుట్టు 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో బయటపడెను. దోమ కడుపులో ఆ క్రిమిని రొనాల్డ్ రాస్ చూచెను. దుర్భిణికి చిక్కని శత్రువు సూక్ష్మదర్శినికి చిక్కెను.