సొలొమోను స్తంభాలు: తిమ్నా లోయ చెప్పే సంగతులు

పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లే విశ్వాసుల్లో కొందరు ఇశ్రాయేలు దక్షిణ కొనన ఉన్న తిమ్నా లోయను కూడా చూసి వస్తారు. ఎర్రసముద్ర తీరంలోని ఏలతు పట్టణానికి ఉత్తరాన, సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎడారి లోయ ఇది. అక్కడ ఆకాశాన్నంటుతున్నట్టు నిలబడిన ఎర్రని రాళ్లను 'సొలొమోను స్తంభాలు' అంటారు. పేరు విని ఆ రాజే వాటిని నిలబెట్టించాడని అనుకునేవారున్నారు. నిజానికి వాటిని ఏ మనిషీ చెక్కలేదు.

అవి ఇసుకరాతి కొండలు. ఇసుక పొరలు పొరలుగా పేరుకొని రాయిగా గట్టిపడింది. భూమి కదలికలకు ఆ రాయి నిలువునా పగిలింది. వాన నీరు, గాలి ఆ పగుళ్లను వెడల్పు చేయగా మిగిలిన రాయి స్తంభాల్లా నిలిచింది. రాతిలోని ఇనుము వల్ల ఆ ఎరుపు వచ్చింది. అదే లోయలో దొరికే పచ్చని ముడిఖనిజం రాగిది. దానికోసం పూర్వులు వేలాది గుంటలు తవ్వారు.

1930లలో నెల్సన్ గ్లూక్ అనే పురావస్తు పండితుడు ఇవి సొలొమోను కాలపు గనులని ప్రకటించాడు. 1969లో బెన్నో రోతెన్‌బర్గ్ ఆ స్తంభాల పాదంలోనే ఐగుప్తీయుల దేవత హాతోరు గుడిని తవ్వి తీశాడు. దానితో గనులు సొలొమోనుకు ముందటి ఫరోలవని తేల్చారు. 2013లో అక్కడి ఖర్జూరపు గింజలను కార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే, కొన్ని కొలిమిస్థలాలు క్రీ.పూ. 10వ శతాబ్దానివని తెలిసింది. అది దావీదు, సొలొమోనుల కాలమే. అయితే వాటిని నడిపినవారు ఎదోమీయులై ఉంటారని ఆ పరిశోధకుల అభిప్రాయం. సొలొమోను పేరున్న శాసనమేదీ అక్కడ దొరకలేదు.

వాక్యం ఏమి చెబుతోంది? మందిరపు ఉపకరణాలను యొర్దాను మైదానంలో పోతపోయించారని 1 రాజులు 7వ అధ్యాయం చెబుతుంది. ఆ లోహం ఏ గని నుండి వచ్చిందో చెప్పదు. వాక్యం చెప్పనిదాన్ని మనం బల్లగుద్ది చెప్పకూడదు. ఒక తవ్వకాన్ని చూపి "బైబిలు రుజువైంది" అని ప్రసంగిస్తే, మరో తవ్వకం వచ్చిననాడు వినేవారి విశ్వాసం తడబడుతుంది. అది వాక్యం తప్పు కాదు, మన తొందరపాటు.

యోబు గ్రంథం 28వ అధ్యాయం కొండల అడుగున లోహాలు వెదికే మనుష్యులను వర్ణించి, జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంది. తిమ్నాను చూసే అవకాశం కలిగితే ఆ అధ్యాయం చదువుకొని వెళ్లండి. ఆ రాళ్లను చేసిన దేవుణ్ణి స్తుతించడానికి వాటికి సొలొమోను పేరు అవసరం లేదు.