భర్‌మార్ తుపాకి ముచ్చట: మందు ఎవరి చేతిల ఉంటే రాజ్యం వాళ్లదే

మక్కచేను కంకి పట్టిందంటే మన సుల్తానాబాద్ దిక్కు అడివిపందుల ముచ్చట మొదలైతది. "రైతుకు ఒక తుపాకి ఇస్తే ఈ గోస ఉండకపోవు" అనేటోళ్లు మస్తుమంది. అయితే పంట కాపాడుకునేందుకని చట్టంల రైతు పేరు మీద రాసిపెట్టిన తుపాకి ఒకటి నిజంగనే ఉంది. అదే భర్‌మార్. ప్రపంచంల ఇన్ని తుపాకులు ఉండంగ పాతకాలం భర్‌మారే మనకెందుకు రాసిన్రు? ఇది తెల్వాలంటే కొంచెం ఎనుకకు పోవాలె. పోస్టు పొడుగున్నది, ఓపికతోటి చదువుండ్రి.

భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. పేరులనే పని ఉంది. గొట్టం మూతిలకెళ్లి మందు పోసి, పేలిక కూరి, సీసపు గుండు వేసి, కడ్డీతోటి దట్టియ్యాలె. ఒక్కసారి పేలిందంటే మళ్ల మొదటికెళ్లి అదే పని. ఆ కాలంల గుండు గూడ దుకాణంల కొనే వస్తువు కాదు. సీసం మెత్తటి లోహం, 327 డిగ్రీలకే కరుగుతది. పటుకారు లాంటి అచ్చుల పోసి, సల్లారినంక తీస్తే గుండు తయారు. అంటే తుపాకి పట్టినోడే తన తూటా తాను చేసుకునేటోడు. రాజులకు భయం పెట్టింది గూడ ఇదే. తుపాకి గుంజుకోవచ్చు గని, పొయ్యి మీద సీసం కరిగించే చేతిని ఎట్ల ఆపాలె?

మన దిక్కు కోటలు చూస్తే ఈ కథ కండ్లకు కనబడుతది. జగిత్యాల కోటను 1747ల ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టిచ్చిన్రు. ఇప్పటికీ దాని బురుజుల మీద తోపులు ఉన్నయి. హైదరాబాదుల 1795ల ఫ్రెంచి సేనాని రేమండ్, నిజాం కోసం తోపులు పోసే కార్ఖానా పెట్టిండు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నరు, అంటే తోపుల అచ్చు. ఇప్పటి గన్‌ఫౌండ్రీ అదే. మూడేండ్లు తిరగకముందే 1798 మార్చిల రేమండ్ చచ్చిపోయిండు. సెప్టెంబర్‌ల నిజాం ఇంగ్లీషు కంపెనీతోటి ఒప్పందం చేసుకున్నడు. అక్టోబర్‌ల ఫ్రెంచోళ్లు తయారుచేసిన ఫౌజు చేతులకెళ్లి తుపాకులు గుంజుకున్నరు. సొంతంగ తోపులు పోసుకున్న నిజామే, తన కాపలా కోసం కంపెనీ సిపాయిల దిక్కు చూడవలసి వచ్చింది.

1857 తిరుగుబాటు గూడ తూటా కాడనే అంటుకుంది. మందు, గుండు కలిపి కాయిదంల చుట్టి ఇచ్చే ఎన్‌ఫీల్డ్ తూటాను పంటితోటి కొరికి తెరవాలె. దానికి పూసింది ఆవు కొవ్వు, పంది కొవ్వు అనే మాట సిపాయిలల్ల పాకింది. అప్పటికే ఉన్న కోపాలకు అది నిప్పురవ్వ అయింది. ఆ మంట మన అడవుల దాక వచ్చింది. 1860ల నిర్మల్‌ల రాంజీ గోండును, ఆయన మనుషులను మర్రిచెట్టుకు ఉరేసిన్రు. దాన్నే ఇప్పటికీ వెయ్యి ఉరుల మర్రి అంటరు. ఇగ 1878ల ఇంగ్లీషోళ్లు ఆయుధాల చట్టం తెచ్చిన్రు. లైసెన్సు లేకుంట మనోళ్లు తుపాకి పట్టద్దన్నరు, తెల్లోళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నరు. నిజాం ఇలాకా వేరే రాజ్యం గనుక ఆ చట్టం ఇక్కడ నేరుగ నడువలేదు గని, దేశం మొత్తం మీద పద్ధతి అదే అయింది.

అదే కాలంల అమెరికాల కథ ఉల్టా నడిచింది. 1836ల శామ్యూల్ కోల్ట్ రివాల్వర్‌కు పేటెంటు తీసుకున్నడు. అప్పటి రివాల్వర్ గూడ ఒక తీరు భర్‌మారే. తిరిగే గుండ్రాయిల ఒక్కో అరకు మందు, గుండు నింపాలె. అందుకే పెట్టెల రివాల్వర్‌తోటి గుండు పోసే అచ్చు గూడ పెట్టి అమ్మేటోళ్లు. తర్వాత లోహపు డొల్లల తూటాలు వచ్చినయి. పేలిన డొల్లను పారెయ్యకుంట మళ్ల నింపే పనిముట్లు అమ్మెటందుకు 1884ల జాన్ బార్లో ఐడియల్ అనే కంపెనీ పెట్టిండు. ఇయ్యాల్టికీ అక్కడ ఎంతోమందికి అది తీరుబాటు పని. మనోళ్లు చేపల గాలం పట్టుకొని చెరువు గట్టున కూసున్నట్టు, వాళ్లు షెడ్డుల కూసుండి సీసం పోసుకుంటరు. చేసేది ఒకటే పని. అక్కడ సరదా, ఇక్కడ జైలు.

తెలంగాణ సాయుధ పోరాటంల సంఘపోళ్లు మొదలు పట్టింది కట్టెలు, వడిసెలలు. తర్వాత వాళ్ల చేతులకు భర్‌మార్లు వచ్చినయి. ఎదురుంగ నిజాం ఫౌజు, రజాకార్ల చేతులల్ల కొత్త తుపాకులు. ఒకడు కడ్డీతోటి మందు దట్టిచ్చే లోపల అవతలోడు ఎన్నిసార్లు కొడుతడో లెక్క ఏసుకోండ్రి. మన కరీంనగర్ బిడ్డ అనభేరి ప్రభాకర్‌రావు 1948 మార్చి 14న మహ్మదాపూర్ కాడ సహచరులతోటి కలిసి ప్రాణాలిచ్చిండు. ధైర్యం తక్కువై పోయిన ప్రాణాలు కావు అవి.

స్వాతంత్ర్యం వచ్చినంక 1959ల కొత్త ఆయుధాల చట్టం చేసిన్రు, 1962 అక్టోబర్ 1కెళ్లి అమలైంది. దాని 13వ సెక్షన్‌ల నిజంగ పంట రక్షణకైతే మూతిలకెళ్లి నింపే తుపాకికి లైసెన్సు ఇయ్యాలె అని ఉంది. ఫౌజులు వందేండ్ల కింద పారేసిన తుపాకిని రైతుకు రాసిన్రన్నట్టు. వానకాలంల మందు చెమ్మ పడితే అది పేలదు. మనకు పందులొచ్చేది గూడ వానకాలంలనే! అయితే అదే సెక్షన్‌ల ఇంకో మాట ఉంది. భర్‌మార్ సరిపోదని అధికారికి అనిపిస్తే, లోపల నున్నటి గొట్టం ఉన్న వేరే తుపాకికి గూడ లైసెన్సు ఇయ్యచ్చు. ఈ మాట మనల చాలామందికి ఎరుక లేదు. దరఖాస్తు పెట్టేటప్పుడు దీన్ని రాసి అడగాలె.

రెండు ముచ్చట్లు గట్టిగ గుర్తుపెట్టుకోండ్రి. లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలె. ఆ చట్టం 11వ సెక్షన్‌ల నిలబడ్డ పంటకు నష్టం చేసే జంతువుల ముచ్చట గూడ ఉంది. రెండోది, లైసెన్సు లేకుంట నాటు తుపాకి చేసినా, తూటా చేసినా నేరమే. తూటాలు చేసే యంత్రాన్ని గూడ చట్టం తూటా లెక్కల్నే కడుతది. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేండ్లకు తక్కువ ఉండదు, యావజ్జీవం దాక పోవచ్చు. యూట్యూబుల అమెరికోళ్లను చూసి పిల్లలు ఇసొంటి పనికి దిగితే ఇల్లు ఆగమైతది. సీసం పొగ పసిపిల్లల మెదడుకు చేసే చెరుపు అదనం.

తోపు పోసిన నిజాం నుంచి మక్కచేన్ల మంచె మీద కూసున్న రైతు దాక నడిచింది ఒకటే లెక్క: మందు ఎవరి చేతిల ఉండాలె అన్నది పైనున్నోళ్లు రాసిన్రు. రెండు వందల ఏండ్ల సంది రైతు చేతిల మిగిలింది డప్పు, కేకలు, మంచె. ఇప్పుడు కాయిదం మీద రాసి ఉన్న హక్కునైనా చదివి, నలుగురం కలిసి సంతకాలు పెట్టి అడుగుదాం. చేను చుట్టు కరెంటు తీగ పెట్టి మన మనిషినే మనం పోగొట్టుకునే కంటే అది వెయ్యిరెట్లు నయం.