ఖాళీ ఖజానా, కొత్వాలీ భారం

రాజ్యానికి రాబడి తగ్గినప్పుడు కోత మొదట దేనిపై పడాలి? సైన్యంపైనా, కచేరీలపైనా, ప్రజల కావలిపైనా? హైదరాబాదు రాజ్యానికి 1853లో ఈ ప్రశ్న తప్పలేదు. ఆ ఏడాది మే నెలలో కంటింజెంటు సైన్యపు బాకీల కింద బేరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతాల పాలన ఆంగ్లేయుల చేతికి పోయింది. కొద్ది రోజులకే దివాను సిరాజుల్ ముల్క్ మరణించారు. ఆయన సోదరుని కుమారుడు మీర్ తురాబ్ అలీ ఖాన్, అనగా మొదటి సాలార్‌జంగ్, ఇరవై నాలుగేళ్ళ ప్రాయంలో ఆ పదవి స్వీకరించారు.

అప్పటికి జిల్లాలలో క్రమబద్ధమైన పోలీసు శాఖ లేదు. శిస్తు గుత్తకు పట్టిన తాలూకాదారుల బంటులు, అరబ్బు, రోహిల్లా జమాదార్ల మనుషులే బలగం. బకాయిలకూ అప్పులకూ పూచీగా కొన్ని తాలూకాలే జమాదార్ల స్వాధీనంలో ఉండేవి. వీరిని ఒక్కసారిగా తొలగిస్తే ఖర్చు తగ్గుతుంది గాని, జీతం పోయిన సాయుధుడు దారిదోపిడీకి దిగే ప్రమాదముంది. కనుక సాలార్‌జంగ్ క్రమక్రమంగా నడిచారు. తాకట్టు తాలూకాలను విడిపించారు. గుత్త పద్ధతిని తొలగించి శిస్తును ఖజానాకు మళ్ళించారు. 1860లో రాయచూరు, ధారాశివ్ తిరిగి వచ్చాయి.

రాబడి కుదుటపడిన తరువాతనే, 1865లో, జిలాబందీ జరిగింది. జిల్లాకు జీతంపై తాలూకాదారు, పోలీసుకు మొహతమీము, ఆయన కింద అమీన్లు ఏర్పడ్డారు. అటుపిమ్మట కొత్వాలీ వ్యవహారాలకు ప్రత్యేకంగా ఒక సదరుల్ మహాం నియమితులయ్యారు. 1876లో రూపొందిన ఇందూరు జిల్లా, అనగా 1905 నుండి నిజామాబాదు, ఈ చట్రంలోనిదే.

అయితే అమీను ఠాణా ప్రతి ఊరికీ చేరలేదు. నేడు కామారెడ్డి జిల్లాలో ఉన్న పిట్లం పరిసరాలలోనూ, తక్కిన తెలంగాణలోనూ ఊరి కావలి పోలీసు పటేలుదే. పదవి వంశపారంపర్యం, ప్రతిఫలం నెలజీతం కాదు, శిస్తులో వాటా. ఆయన కింద శేత్‌సింధీలకు ఇనాము భూమి. ఖజానాకు ఇంతకంటె చవకైన పోలీసు మరొకటి లేదు.

కాని చవక ఎవరికి? సర్కారు మిగుల్చుకొన్న ఖర్చు ఊరిలో వెట్టిగా మారింది. నేరాన్ని నమోదు చేయవలసినవాడే ఊరి పెత్తందారు అయినప్పుడు, పేదవాని ఫిర్యాదు ఆ గడప దాటడమే కష్టమయ్యేది. 1940లలో తెలంగాణ రైతాంగం తిరగబడడానికి వెట్టి ముఖ్యకారణాలలో ఒకటి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పటేలు, పట్వారీ పదవులను రద్దు చేసింది 1984లో మాత్రమే.

ఈ చరిత్ర రెండు సంగతులు తెలుపుతున్నది. జీతం సకాలంలో అందని బలగం రక్షణ కాదు, భయం. సాలార్‌జంగ్ దీనిని గ్రహించారు. రెండవది, కావలి ఖర్చు చిట్టాలో తగ్గినంత మాత్రాన లోకంలో తగ్గదు. మరొకరి భుజం మీదికి మారుతుంది. పొదుపు చేసే ప్రభుత్వం ఆ భుజం ఎవరిదో ముందుగా విచారించుకోవాలి.